ఇంటి ప్లగ్గా, హైవే ఫాస్ట్ చార్జరా?

హనుమకొండలో ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు ముందు ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్ పాయింట్, దానికి సరైన ఎర్తింగ్ ఉన్నాయా చూసుకోండి. ఎర్తింగ్ బాగాలేకపోతే చాలా కార్లు చార్జింగ్ మొదలే పెట్టవు, ఎండాకాలంలో నేల ఎండిపోయినప్పుడు ఇది బాగా తెలుస్తుంది, ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్లు పోస్తే చాలాసార్లు సరిపోతుంది. ఈ ప్లగ్ నుంచి గంటకు సుమారు 3 యూనిట్లే ఎక్కుతాయి, అంటే 40 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా నిండాలంటే 13 గంటలకు పైనే. నెమ్మదే, కానీ రోజూ కాజీపేట, ములుగు రోడ్డు తిరిగేవాళ్లకు అంత ఖాళీ కాదు కదా, రాత్రి పెడితే పొద్దుటికి రెడీ.

ఫాస్ట్ చార్జర్ సంగతి వేరు. హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు, పోయి రావాలంటే చిన్న బ్యాటరీకి టెన్షనే, ఎక్కడో ఒకచోట ముప్పావుగంట ఆగక తప్పదు. 80 శాతం దాటాక వేగం బాగా పడిపోతుంది, మిగతా 20 కోసం కూర్చుంటే వెనక వచ్చినవాళ్లకూ ఇబ్బంది, దయచేసి చార్జింగ్ గన్ (కారుకు పెట్టే ప్లగ్) తీసేయండి. రేటు మీద 18 శాతం జీఎస్టీ కూడా. యాప్‌లో చార్జర్ ఖాళీ అని చూపించినా అక్కడ పనిచేయకపోవచ్చు, అందుకే బ్యాటరీ 20 శాతం మిగిలి ఉండగానే ఆగాలి.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ ఇవ్వం అని అంటే మాత్రం, నేనైతే కారు బుకింగ్ ఆపి ముందు అసోసియేషన్‌తో మాట్లాడతాను.