శ్రీకాకుళం నుంచి శ్రీకాకుళం మీదుగా మోపిదేవికి

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనానికని విజయవాడ బస్టాండులో కరకట్ట మీదుగా అవనిగడ్డ వెళ్లే బస్సు ఎక్కాం. టికెట్లు తీసుకుంటూ మావారు మాటవరసకు "శ్రీకాకుళం నుంచి వస్తున్నామండీ" అన్నారు. కండక్టరు మా వంకా, నా ఒళ్లో నిద్రపోతున్న పాప వంకా, కాళ్ల దగ్గరున్న మూడు సంచుల వంకా చూసి, "శ్రీకాకుళం వాళ్లు మోపిదేవి వెళ్లడానికి విజయవాడ దాకా ఎందుకు వచ్చారు? మీ ఊరి నుంచి అరగంట కూడా పట్టదు కదా" అన్నాడు.

అతని తప్పేమీ లేదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఇంకో శ్రీకాకుళం ఉంది. చిన్నప్పుడు తెలుగు వాచకంలో చదువుకున్నదే, ఆ నిమిషానికి గుర్తు రాలేదు. గంటన్నర తర్వాత దారి పక్కన ఊరి పేరు బోర్డు కనిపించేసరికి అత్తయ్యగారు ఉలిక్కిపడి, "ఇదేమిటమ్మా, తిరిగి ఇంటికే తెచ్చేశాడా?" అన్నారు. బస్సులో సగం మంది నవ్వారు.

ఇంతకీ ఈ ప్రయాణం ఆవిడ మొక్కే. మాది నాగావళి ఒడ్డు. ఏటా కార్తీక శుద్ధ చవితికి పొలం గట్టున ఉన్న పుట్ట దగ్గరికి ఇంటిల్లిపాదీ వెళ్తాం. పాలు, చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, కోడిగుడ్లు. "పడగ తొక్కితే పగవాడనుకోకు, నడుము తొక్కితే నావాడనుకో, తోక తొక్కితే తొలగిపో" అని అత్తయ్యగారు చెబుతుంటే పిల్లలు వెనక అంటారు. చెవిపోటు రాకుండా అందరి చెవులకూ పుట్టమన్ను రాయడం ఆఖరి ఘట్టం. దీపావళికి కొన్న మతాబుల్లో కొన్ని ఆ సాయంత్రానికి దాచుకుంటాం కూడా. నేను కడుపుతో ఉండి, మంచం దిగవద్దని డాక్టరు చెప్పిన రోజుల్లో ఆవిడకు గట్టు మీది పుట్ట చాలలేదు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి చీర పెట్టి, పుట్టే బిడ్డకు చెవులు అక్కడే కుట్టిస్తామని మొక్కేశారు. స్వామికి చీర ఏమిటని నాకు అప్పుడే అనుమానం వచ్చింది గాని, మోపిదేవిలో చీర మొక్కుబడి, ఉయ్యాల ఊపు పేరున్న మొక్కులేనట.

ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రాత్రి రైలు ఎక్కితే తెల్లారేసరికి విజయవాడ. 450 కిలోమీటర్లకు పైనే. అక్కడి నుంచి మోపిదేవికి 70 కిలోమీటర్ల చిల్లర. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా వెళ్లే బస్సులు ఎక్కువ. కరకట్ట బస్సులు తక్కువ, కాని ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటితోటలు, పసుపు చేలు చూసుకుంటూ వెళ్లవచ్చు. చంటిపిల్లలు ఉంటే మాత్రం మొదటి దారే నయం, కరకట్ట మలుపులకు మా పాప రెండుసార్లు కక్కుకుంది. తెనాలి దాకా రైల్లో వెళ్లి, అక్కడ మారి రేపల్లెలో దిగితే, పెనుమూడి-పులిగడ్డ వంతెన దాటగానే మోపిదేవి దగ్గరే. ఈ సంగతి తిరుగు ప్రయాణంలో గాని మాకు తెలియలేదు.

బసే మా ప్రయాణంలో చేదు. దేవస్థానం గదులు మాకు దొరకలేదు. అవనిగడ్డలో ఒక లాడ్జిలో దిగాం. ఇరవై నాలుగు గంటల వేడినీళ్లని ఫోనులో చెప్పిన మనిషి, తీరా వెళ్లాక బకెట్టుకు ఇంత అని విడిగా అడిగాడు. ఫ్యాను తిరిగినంతసేపూ దోమలు మాత్రం దాని గాలికి సేద తీరుతున్నట్లున్నాయి. దుప్పటి మార్చమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఒక్కటే మంచి: గుడికి అయిదారు కిలోమీటర్లే, తెల్లవారుజామున కూడా ఆటోలు ఉన్నాయి. ఇంకోసారి వెళ్తే విజయవాడలోనే దిగి, తెల్లవారే మొదటి బస్సు అందుకుంటాను.

మేము ఫాల్గుణంలో, బుధవారం వెళ్లాం. పరీక్షల రోజులు కాబట్టి జనం పల్చగా ఉన్నారు. ముందురోజు మంగళవారం బయటి రోడ్డు దాకా వరస ఉందని పూల దుకాణం ఆవిడ చెప్పింది. నాగుల చవితి, సుబ్రహ్మణ్య షష్ఠి, మాఘ శుద్ధ షష్ఠి కల్యాణం రోజుల్లో చంటిపిల్లలతో వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

గర్భగుడిలో స్వామి లింగరూపంలో ఉంటాడు. ఆ లింగానికి విడిగా పానవట్టం, అంటే కింది పీఠం, లేదు. చుట్టలు చుట్టుకున్న పామే పానవట్టం. అలంకారం జరిగాక వెళ్తే పూలూ పట్టుబట్టా తప్ప చుట్టలు కనిపించవు. మేము అభిషేకం వేళకు లోపల ఉండటం మా అదృష్టం. నల్లని రాయి మీద నుంచి పాలు తెల్లని తీగలా జారి, ఒక చుట్ట దగ్గర ఆగి, నిండి, కింది చుట్టలోకి దిగాయి. కింద ఒక రంధ్రం ఉంది. అర్చకులు అందులో పోసిన పాలు చడీచప్పుడు లేకుండా లోపలికి వెళ్లిపోయాయి. పుట్టలో పాలు పోసినప్పుడు మట్టి గుటకలు వేసినట్టు బుడబుడమని చప్పుడు వస్తుంది, నేను దానికోసం చెవి రిక్కించాను. రాలేదు. అత్తయ్యగారు మాత్రం "మన పుట్టే" అని నా చెయ్యి నొక్కారు.

స్థలపురాణం ఇలా చెబుతారు. వింధ్య గర్వం అణచడానికి కాశీ విడిచి దక్షిణానికి వచ్చిన అగస్త్యుడు, లోపాముద్రతో ఇక్కడికి చేరేసరికి పామూ, నెమలీ, ముంగిసా వైరం మరచి ఆడుకుంటున్నాయట. కుమారస్వామి చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా సర్పరూపంలో పుట్టలో తపస్సు చేస్తున్నాడని మహర్షి గ్రహించి, ఆ పుట్ట మీద శివలింగాన్ని ప్రతిష్ఠించాడు. తర్వాతి కాలంలో వీరారపు పర్వతాలు అనే కుమ్మరికి స్వామి కలలో కనిపించి చోటు చూపించాడని, అతను మట్టితో బొమ్మలు చేసి, కాల్చి స్వామికి సమర్పించాడని కథ. మోహినీపురమే మోపిదేవి అయిందంటారు. నాకు వీటన్నిటిలోకి నచ్చింది ఆ కుమ్మరి కథే. పుట్టకూ కుండకూ ఒకటే మట్టి కదా.

ప్రదక్షిణ దారిలో దక్షిణం వైపు ఒక పుట్ట ఉంది. అక్కడి నుంచి గర్భగుడిలోకి దారి ఉందని, దేవతాసర్పం ఆ దారిన వస్తూ పోతూ ఉంటుందని నమ్మకం. పసుపు, కుంకుమ, పాల తడి కలిసి నేలంతా జారుడు. అత్తయ్యగారు కాలు జారి నా భుజం పట్టుకున్నారు. ఆ ఒక్క చోటైనా గంటకోసారి కడిగి, ఒక కొబ్బరిపీచు పట్టా వేస్తే బాగుండును. మిగతా ఆవరణ శుభ్రంగా ఉంది. చెప్పుల స్టాండు దగ్గర చిల్లర గొడవ కూడా లేదు.

చెవులు కుట్టడం రెండు నిమిషాల పని. నేను రాత్రంతా దానికోసమే నిద్రపోలేదు. కంసాలి పెద్దమనిషి, కళ్లద్దాలకు దారం కట్టుకున్నాడు. తమ్మెకు రెండు వైపులా కాటుక చుక్క పెట్టి, కాస్త దూరం జరిగి, తల వంచి, రెండు చుక్కలూ సరిగా ఉన్నాయో లేదో పటం గోడకు తగిలించేవాడిలా చూసుకున్నాడు. పాప చేతిలో అరటిపండు పెట్టమన్నాడు. అది కొరికే లోపల సన్నని బంగారు తీగ ఒక చెవిలోంచి దూరిపోయింది. ఏడుపు రెండో చెవికి మొదలైంది, అదీ నొప్పికి కాదు, పండు కింద పడినందుకు. పసుపు అద్ది, "ఇరవై రోజులు తీగ తిప్పవద్దమ్మా, పైన నూనె చుక్క వేయండి చాలు" అన్నాడు. ఇచ్చినది కళ్లకద్దుకుని తీసుకున్నాడు, ఇంకా అడగలేదు.

అడిగేవాళ్లు బయట ఉన్నారు. గుడి ముందు ఒకాయన పాప జాతకం చూడకుండానే "రాహుకేతు దోషం ఉంది, లోపల వరస లేకుండా నేను చేయిస్తాను" అని వెంటపడ్డాడు. సర్పదోష పూజలకు టికెట్లు కౌంటరులోనే ఇస్తారు, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. మధ్యవర్తి అవసరమే లేదు. కొబ్బరికాయ, పూలు కూడా గుడికి ఆనుకుని ఉన్న కొట్లో కంటే రోడ్డు మీది బండి దగ్గర సగానికి వస్తాయి.

తిండికి లోటు లేదు గాని మా నాలుకలు వేరు. అవనిగడ్డ భోజన హోటల్లో పప్పుచారులో బెల్లం తగలదు, గోంగూరలో కారం ఎక్కడ ఆగాలో తెలియదు. అత్తయ్యగారు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. మావారు మూడోసారి గోంగూర వేయించుకుని, కళ్లు తుడుచుకుంటూ తిన్నారు. హోటలు యజమాని పెద్దాయన మాది శ్రీకాకుళం జిల్లా అని తెలిసి, "తిత్లీ తుఫాను మీ దగ్గరే కదండీ వచ్చింది" అని అడిగారు. 2018లో మా జీడితోటలు, కొబ్బరితోటలు ఎలా పడ్డాయో చెప్పాను. ఆయన 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి ఎత్తారు. పది వేలమందికి పైగా పోయిన రాత్రి. తాటిచెట్టు ఎక్కి బతికినవాళ్లలో తన అన్న ఒకడని చెప్పి, ఆపి, మాకు మజ్జిగ తెప్పించారు. ఆ మజ్జిగకు డబ్బు తీసుకోలేదు.

రెండో రోజు ఆటో మాట్లాడుకుని రెండో శ్రీకాకుళం చూడటానికి వెళ్లాం. వెళ్లకపోతే ఇంటికొచ్చి ఏం చెప్పుకుంటాం? ఆంధ్ర మహావిష్ణువు గుడి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళ్తూ ఇక్కడ ఆగితే, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు, అదే ఆముక్తమాల్యద. మా వైపు మీద కత్తి దూసి వస్తున్న రాజు మా ఊరి పేరున్న ఊళ్లో పడుకుని తెలుగు కావ్యానికి కల కన్నాడని మావారికి తెగ ముచ్చటేసింది. మోపిదేవిలో తోపులాట ఉంటే ఇక్కడ నిశ్శబ్దం. మేము తప్ప ఇద్దరే ఉన్నారు. అర్చకులు తీరిగ్గా కూర్చుని కథలన్నీ చెప్పారు. మోపిదేవి వెళ్లేవాళ్లు ఈ గుడిని వదిలేసి రావడం అన్యాయం. దగ్గరలోనే ఘంటసాలలో బౌద్ధ స్తూపం, మ్యూజియం, ఒకే పీఠం మీద శివపార్వతులు ఉన్న జలధీశ్వరాలయం ఉన్నాయి. ఎండకు పాప గోల పెట్టడంతో గుడి ఒక్కటే చూశాం. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి అసలు కుదరలేదు.

తెల్లవారి నాలుగింటికి ఆమదాలవలసలో దిగాం. ఆటో అబ్బాయి సంచులు అందుకుంటూ ఎక్కడికని అడిగాడు. "శ్రీకాకుళం" అన్నారు మావారు. అత్తయ్యగారు పాప చెవులకు చీర కొంగు అడ్డం పెట్టి, చలిలోనే, "మనదే నాయనా, మన శ్రీకాకుళమే" అన్నారు. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు.