‘పల్స్ డీమన్’ పాత సీడీ కొనేవారు జాగ్రత్త: “అది నాయిస్ కదండీ” అన్న సమాధానాన్ని నమ్మకండి

మెర్జ్‌బో పేరుతో నాయిస్ (రొదనే సంగీతంగా మలిచే పద్ధతి) రికార్డులు చేసే జపాన్ కళాకారుడు మసామి అకిటా 1996లో వెలువరించిన ‘పల్స్ డీమన్’ ఆల్బమ్‌కు తొలి ముద్రణ సీడీ అని నమ్మబలికి, ఒక విదేశీ అమ్మకందారు నాకు నకలు అంటగట్టాడు. డిస్కు ధర, తపాలా, కస్టమ్స్ సుంకం కలిపి నాకు 4,200 రూపాయలు వదిలాయి.

నకిలీ సరుకు ఏ సంగీతంలోనైనా దొరుకుతుంది కానీ, ఇక్కడ ఉన్న చిక్కు వేరు. కచేరీ రికార్డులో చిటపట వినిపిస్తే డిస్కు పాడైందని ఇంట్లో ఎవరైనా చెప్పగలరు. రాగం, తాళం, సాహిత్యం ఏవీ లేకుండా డెబ్బై నిమిషాలకు పైగా ఫీడ్‌బ్యాక్ (మైకు, స్పీకరు ఎదురుపడితే వచ్చే కీచు), డిస్టార్షన్ (చెదిరిపోయిన ధ్వని)లతో హోరెత్తే ఈ ఆల్బమ్‌లో మాత్రం ఏది కళాకారుడు కావాలని చేసిన రొదో, ఏది డిస్కు లోపమో చెవితో తేల్చడం కష్టం. (మా ఇంట్లో దీన్ని మిక్సీ చెడిపోయిన చప్పుడనే అంటారు.) మొదటి ట్రాకులో సమాన వ్యవధిలో టిక్కుమన్న శబ్దం వస్తోందని అమ్మకందారుకు రాస్తే, ఈ సంగీతం ఇలాగే ఉంటుందని, కొత్తగా వినేవారు పొరబడటం మామూలేనని అతను జవాబిచ్చాడు. ఏళ్లుగా ఇలాంటివి వింటున్న నేను కూడా రెండు రోజుల పాటు ఆ మాట నమ్మానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అనుమానం అట్ట దగ్గర మొదలైంది. అసలు అట్ట మీది అలల్లాంటి గీతలు లోహంలా మెరిసే కాగితంపై ఉంటాయి. నాకు వచ్చినది కలర్ ప్రింటర్‌లో తీసిన మామూలు కాగితం. డిస్కు అడుగుభాగం నీలిపచ్చగా కనిపించింది. కర్మాగారంలో అచ్చొత్తిన సీడీ వెండిరంగులో ఉంటుంది, కంప్యూటర్‌లో రాసిన డిస్కులోనే ఇలా రంగుపూత తెలుస్తుంది. నడిమి రంధ్రం చుట్టూ ఉండే వలయంలో అచ్చు సంఖ్య కూడా లేదు.

చివరికి ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ పౌనఃపున్యంలో ఎంత ధ్వని ఉందో చూపే చిత్రం) చూశాను. ఆడియో సీడీలో సుమారు 22 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని పడుతుంది; నా డిస్కులో 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి, ఆ పైన ఏమీ లేదు. ఎవరో తక్కువ నాణ్యత గల ఎంపీ3 ఫైళ్లను డిస్కులోకి ఎక్కించి అమ్మారన్నమాట. మరో ధ్వని చాటున పడి చెవికి అందదనుకున్న ధ్వనిని తీసివేసి ఎంపీ3 చోటు ఆదా చేస్తుంది. స్థాయిలన్నీ ఒకేసారి అరిచే నాయిస్‌లో అలా తీసివేయదగినది తక్కువ కనుక, ఫైలును ఎంత కుదిస్తే అంతగా ఆ గరుకుదనం కరిగి, నీళ్లలో నుంచి వినిపిస్తున్నట్టు తయారవుతుంది. ఈ ఆల్బమ్‌ను కొనేదే ఆ గరుకుదనం కోసం.

కనుక డబ్బు పంపే ముందే డిస్కు అడుగుభాగాన్ని వెలుతురులో, లోపలి వలయాన్ని దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి. నేను చేసిన అసలు పొరపాటు మరొకటి: అమ్మకందారు కోరిక మీద, కొనుగోలుగా కాక స్నేహితుడికి పంపినట్టు డబ్బు చెల్లించాను. దానితో ఫిర్యాదు చేసే హక్కు కూడా పోయింది.

అతని ప్రకటన ఇంకా తొలగిపోలేదు. నాకు చూపించిన ఫొటోయే పెట్టి, ఇప్పుడు కూడా “ఒకే ఒక్క కాపీ” అని రాసి ఉంది.