సెకనుకు 24, 60, 120 బొమ్మలు: కంటికి ఏది మేలు?

స్క్రీన్ మీద నిజానికి ఏదీ కదలదు. ఒక బొమ్మ పోయి, కాస్త పక్కకు జరిగిన ఇంకో బొమ్మ వస్తుంది, అంతే. మధ్యలో కదలికను కల్పించుకునేది మన మెదడే. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి చూపించి దీన్ని పరిశీలించాడు. మధ్యలో సెకనులో ఐదో వంతు ఎడం ఉంటే రెండు వేర్వేరు గీతలుగానే కనిపించాయి. దాదాపు 60 మిల్లీసెకన్ల ఎడం దగ్గర మాత్రం ఒకే గీత అటు నుంచి ఇటు జరిగినట్టు అనిపించింది. పాత బొమ్మ కంట్లో నిలిచిపోవడం వల్లే సినిమా కదులుతుందనే వివరణ ఇప్పటికీ వినిపిస్తుంది కానీ, అది చాలదు. అదే అసలు కారణమైతే బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోవాలి కదా!

అంటే బొమ్మలు తగినంత త్వరగా మారితే చాలు, కదలిక కనబడుతుంది. దానికి సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, సరిపోతాయి. మాటల సినిమాలు వచ్చిన 1920ల చివర్లో స్థిరపడిన లెక్క ఇది. అయితే సెకనుకు 24 సార్లే వెలుగు పడితే తెర మినుకుమినుకుమంటుంది. అందుకే ప్రొజెక్టర్‌లో వెలుగును ఆపి వదిలే షట్టర్ ఒక్కో ఫ్రేమును రెండు మూడు సార్లు చూపించేది. పైగా కెమెరా ఒక్కో ఫ్రేమును మామూలుగా సెకనులో 48వ వంతు సేపు తీస్తుంది కాబట్టి, కదిలే చెయ్యి కొంచెం చెదిరినట్టు పడుతుంది. ఆ చెదురే అంగకూ అంగకూ మధ్య ఖాళీని కప్పేస్తుంది. కథ చూడటానికి నాకు ఇప్పటికీ 24 నే ఇష్టం.

చేత్తో జరిపే స్క్రీన్ దగ్గర లెక్క మారిపోతుంది. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో ఒక పేజీని స్క్రోల్ చేస్తున్నారనుకోండి. 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారే స్క్రీన్‌లో, అక్షరం ఒక్కో అంగలో 16 పిక్సెళ్లు దూకి, తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా అక్కడే ఆగుతుంది. దాన్ని వెంబడించే కన్ను మాత్రం ఆగదు, నున్నగా జరుగుతూనే ఉంటుంది. దాంతో ఆగిన అక్షరం రెటీనా మీద 16 పిక్సెళ్ల మేర సాగుతుంది. తలకట్టూ గుడీ కలిసిపోయి, చదవబోతే పట్టు దొరకదు. 120 లో ఆ సాగుడు 8 పిక్సెళ్లే. స్క్రీన్‌లో లోపమేమీ లేదు, మసక పుట్టేది మన కంటి కదలికలోనే. అందుకే "కన్ను ఎన్ని ఫ్రేములు చూడగలదు" అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేం.

సినిమాకి కూడా 120 హెర్ట్జ్ స్క్రీనే నయం. 60 లో 24 ఫ్రేములు సమంగా ఇమడవు. ఒక ఫ్రేమ్ మూడు సార్లు, తర్వాతది రెండు సార్లు చూపించాలి. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్‌లో ఆ కుదుపు ఇట్టే తెలిసిపోతుంది. 120 లో ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదేసి సార్లు కనిపిస్తుంది. టీవీ తనంతట తానే మధ్య ఫ్రేములు కల్పించే సెట్టింగ్ మాత్రం ఆపేయండి, అది సినిమాను స్టూడియో వీడియోలా మార్చేస్తుంది.

మెసేజ్‌లు చూసుకోవడానికి, వీడియోలకి 60 సరిపోతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది. గేములకీ, ఎక్కువసేపు స్క్రోల్ చేస్తూ చదివేవాళ్లకీ 120 తీసుకోమంటాను. అయితే ఫ్రేములు సమంగా రావాలి. ఒకసారి 8 మిల్లీసెకన్లకీ, ఒకసారి 25 కీ వచ్చే ఫ్రేములకంటే, తప్పకుండా 16.7 కి ఒకటి చొప్పున వచ్చే 60 నే నున్నగా కనిపిస్తుంది.