విశాఖ సముద్రంలో సెకండ్‌హ్యాండ్ లేజర్: కొన్నేళ్లు వాడిన తర్వాత

ఋషికొండ దగ్గర కొన్నేళ్లుగా లేజర్ అనే రకం పాత తెరచాప పడవ ఒకటి నడుపుతున్నాను. మధ్యాహ్నం దిగి చీకటి పడకముందే ఒడ్డుకు వచ్చేసే షికారుకు, అదీ ఒక్కరే వెళ్లేటట్టయితే, విశాఖలో ఇంతకు మించిన చిన్న తెరచాప పడవ లేదని నా గట్టి నమ్మకం. పాత పడవ కొనేవాళ్లు మాత్రం రెండు విషయాలు తేల్చుకోవాలి: పడవ లోపల పొడిగా ఉందా, ఇసుకలో దాన్ని మీరు లాగగలరా?

బ్రూస్ కర్బీ 1969లో గీసిన డిజైన్ ఇది. కారు మీద కట్టుకుని పోయేలా ఆలోచించిన పడవ. పొడవు 4.23 మీటర్లు, ఉత్త పడవ బరువు 59 కిలోల లెక్క. మాస్టు, అంటే తెరచాప కట్టే స్తంభం, రెండు ముక్కలుగా ఊడుతుంది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పెట్టే చోట నాది పట్టేసింది. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది కాబట్టి మన దేశంలోనూ క్లబ్బుల్లో బాగా తిరుగుతోంది. ఇప్పుడు ఐఎల్‌సీఏ అని పిలుస్తున్నారు.

కొనేముందు ఎంటర్‌ప్రైజ్ అనే ఇంకో రకం తెరచాప పడవ కూడా చూశాను. ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు, హుస్సేన్ సాగర్ లాంటి చోట నేనైనా అదే తీసుకుంటాను. కానీ బోల్తా పడితే దాన్నిండా నీళ్లే, తోడుకోవాలి. కెరటాల్లో ఆ పని నా వల్ల కాదు. లేజర్ అయితే బోర్డు, అంటే పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక, దాని మీద నిలబడి లేపేయొచ్చు. పడవ కదలగానే, కాళ్లు పెట్టుకునే కాక్‌పిట్‌లో నీళ్లు అడుగు రంధ్రంలోంచి వాటంతట అవే పోతాయి.

పాత లేజర్లలో పైన పటారం, లోన లొటారం బాపతు చాలా ఉంటాయి. మెరిసే పెయింట్ చూసి ఊరుకోకండి. మాస్టు నిలబెట్టే గుంతలో నిండా నీళ్లు పోసి కాసేపు ఆగండి. మట్టం తగ్గుతోందంటే ఆ నీళ్లు పడవ పొట్టలోకి పోతున్నట్టే. గుంత అడుగు అరిగిందన్నమాట, ఒకరోజు గాలికి మాస్టు పడవ పైభాగాన్ని, అంటే డెక్‌ను చీల్చుకుని ఊడొస్తుంది. తర్వాత ఆ గుంత చుట్టూ, బోర్డు దిగే పెట్టె చుట్టూ, కాళ్లు పెట్టే చోట అరచేత్తో గట్టిగా నొక్కండి. మంచి డెక్ కదలదు. పాడైనది మెత్తగా లోపలికి పోయి, చెయ్యి తీయగానే టక్కుమని పైకొస్తుంది. చివరగా తూకం వేయించండి. బాగా ఎక్కువ చూపిస్తే లోపలి ఫోమ్ నీళ్లు తాగిందనే అర్థం. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వద్దు, ఇసుకలో లాగేటప్పుడు మీకే తెలుస్తుంది.

చుక్కాని బిగించే స్క్రూలు, మాస్టు పై ముక్క రివెట్లు కూడా చూడాలి. అల్యూమినియంలో స్టీలు రివెట్ ఉన్నచోట ఉప్పునీటికి తెల్లగా పొడి పూస్తుంది, అక్కడే విరుగుతుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగడం తప్ప దీనికి మందు లేదు.

తెరచాప సంగతి. పెద్దది 7.06 చదరపు మీటర్లు, రేడియల్ అనే చిన్నది 5.76. పడవ అదే, మాస్టు కింది ముక్కా తెరచాపా మారతాయి, అంతే. నేను బక్కమనిషిని. వేసవి మధ్యాహ్నం గాలి ముదిరినప్పుడు పెద్ద తెరచాపతో ఒకటే టెన్షన్. రేడియల్ కొన్నాక అదే గాలి నాకు ఆనందం. డెబ్బై కిలోల లోపు వాళ్లు రేడియల్‌తోనే మొదలుపెట్టండి.

ట్రాలీ కొత్తది చేయించుకోవాల్సి వచ్చింది. పడవతో వచ్చినదాని సన్న టైర్లు సిమెంటు ర్యాంపుకు సరిపోతాయి, మన ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోతాయి. ఆటోనగర్‌లో లావు టైర్లు పెట్టి వెల్డింగ్ చేయించాక ఒక్కడినే తోసుకుపోగలుగుతున్నాను.

ఎక్కడ దిగాలన్నదీ ముఖ్యమే. ఆర్కే బీచ్ దగ్గర కెరటం ఒడ్డునే విరుచుకుపడుతుంది, నేను దింపను. హార్బర్ ముఖం వైపు ఓడలూ నేవీ పడవలూ తిరుగుతుంటాయి, అటు అసలే పోను. ఋషికొండలోనూ మొదట్లో దాటడం కష్టమైంది. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చూసి, "పెద్ద కెరటాలెల్లిపోనీ బాబూ, అప్పుడు తోసీ" అన్నాడు. వరసగా వచ్చే పెద్దవాటిని లెక్కపెట్టి, సందు దొరకగానే ఎక్కేయడం అలా అలవాటైంది. బోర్డు సగమే దించాలి, చుక్కాని లోతు వచ్చాకే పూర్తిగా దించాలి.

పడమటి గాలి వీస్తుంటే మాత్రం పడవ దింపొద్దు. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ప్రశాంతంగా కనిపిస్తాయి, లోపలికి పోయేకొద్దీ గాలి పెరిగి సముద్రంలోకే తోస్తుంది. మే నెలలో వడగాలి రోజుల్లో సముద్రపు గాలి ఆలస్యంగా తిరుగుతుంది, అది తిరిగే దాకా ఆగుతాను. లైఫ్ జాకెట్ వేసుకుంటాను, ఎప్పటికి వస్తానో ఇంట్లో చెప్పి వెళ్తాను. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు రాగానే పడవ బోర్లించి తాళ్లతో కట్టేస్తాను.

పిల్లల్ని కూడా ఎక్కించుకుని తిరగాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు. కాక్‌పిట్ ఇరుకు, తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ తలకు తగిలేంత కిందుంటుంది, బట్టలు తడవకుండా తిరిగి రావడం ఉండదు.