న్యూమోకోకల్ టీకా: సర్కారు సూదా, క్లినిక్ సూదా?

విశాఖ మద్దిలపాలెంలో మా చెల్లెలి బాబుకు నెలన్నర నిండగానే ఇంట్లో ఒకటే టెన్షన్. వార్డులో ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) వేసేది ఉచితం. క్లినిక్‌లో ప్రీవెనార్ 13 అనే టీకా అయితే డోసుకు వేలల్లోనే.

న్యూమోకోకస్ అనే బ్యాక్టీరియాలో 100కు పైగా రకాలున్నాయి. రక్తంలోకో మెదడు పొరల్లోకో పాకితే పసిపిల్లలకు ప్రాణగండమే. ప్రీవెనార్ 13 వాటిలో 13 రకాలను అడ్డుకుంటుంది. 2021లో దేశమంతటికీ విస్తరించిన ప్రభుత్వ కార్యక్రమంలో వాడే సీరం ఇన్‌స్టిట్యూట్ వారి న్యూమోసిల్ 10 రకాలను. ప్రీవెనార్‌లో ఉండి ఇందులో లేనివి 3, 4, 18సి రకాలు, అంతే. అమెరికాలో 2000లో 7 రకాల టీకా వచ్చాక జబ్బు బాగా తగ్గింది గానీ, అందులో లేని 19ఎ రకం పుంజుకుంది. ఆ 19ఎ న్యూమోసిల్‌లో ఉంది. నా సందేహం సగం అక్కడే తీరిపోయింది.

ప్రభుత్వ డోసులు మూడు: 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకు. ప్రైవేటులో మామూలుగా నాలుగు. చేతిలో డబ్బుంటే అక్కడ వేయించుకోవచ్చు, అప్పు చేసి మాత్రం వద్దు.

మేం బుధవారం వార్డుకే వెళ్లాం. ఐస్‌ప్యాక్‌ల మధ్య నుంచి తీసిన టీకా సీసా మీద, చిన్న వలయంలోని చదరం ఇంకా తెల్లగానే ఉంది. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది; తెల్లగా ఉందంటే టీకా వేడికి పాడవలేదన్నట్టు. రెండు తొడలకూ సూదులు పడ్డాక బాబు ఏడుపు ఆర్కే బీచ్ దాకా వినిపించే ఉంటుంది.