కోటికూల్ మీద మంగలి కత్తి: తడిగా నూరాలా, పొడిగానా?

బెల్జియంలోని ఆర్డెన్ కొండల్లో, వియెల్‌సామ్ చుట్టుపక్కల, పలకరాతి పొరల మధ్య సన్నటి పసుపు చారల్లా దొరికే సానరాయి కోటికూల్. చార సన్నం కాబట్టి చాలావాటికి అడుగున పలకరాయి అతికించి అమ్ముతారు. నేను వాడేది 150 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు ముక్క. ఏళ్లుగా నా కార్బన్ స్టీలు కత్తులన్నిటికీ చివరి నూరుడు దీని మీదే.

స్టీలును అరగదీసేది రాయిలోని గార్నెట్ అనే గట్టి ఖనిజం గింజలు. ఒక్కోటి సుమారు 5 నుంచి 15 మైక్రాన్లు. ఈ సైజుకి గీతలు లోతుగా పడాలి, కానీ గింజ ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది కాబట్టి పైపైనే గీరుతుంది. తడా పొడా అని వాదించుకునేవాళ్లు నీళ్ల సంగతే చూస్తారు. నా లెక్కలో చూడాల్సింది గింజలు రాయికి అంటుకుని ఉన్నాయా, విడిపోయి దొర్లుతున్నాయా అన్నది.

ముందు 1000 గ్రిట్ (గరుకుదనం అంకె) రాయి మీద రెండు ఏటవాలులూ కొస దాకా కలవాలి. మడమ (పిడి వైపు కొస) నుంచి మొన వరకు ఎక్కడ పెట్టినా చేతి వెంట్రుకలు చర్మం దగ్గరగా తెగితేనే కోటికూల్ తీయండి. దాని మీద నీళ్లు చల్లి, చిన్న కోటికూల్ ముక్కతో పాలంత చిక్కగా స్లర్రీ, అంటే రాతిపొడి కలిసిన నీళ్లు, లేపండి. ఒక్కో వైపు 30 అర స్ట్రోకులు (కత్తి తిప్పకుండా ముందుకూ వెనక్కీ), తర్వాత వేలితో రెండు చుక్కల నీళ్లు, మళ్లీ 20. ఇలా ఐదారుసార్లు పలచన చేస్తూ పోవాలి. చివరికి రాయీ కత్తీ కడిగేసి, ఉత్త నీళ్ల మీద 50 ఎక్స్ స్ట్రోకులు (మడమ నుంచి మొన దాకా ఐమూలగా తోస్తూ, ప్రతిసారీ కత్తి తిప్పుతూ). ఒత్తిడి వద్దు, కత్తి బరువే చాలు.

ఈ చివరి దశలో కళ్లు వాదర మీదే ఉండాలి. కత్తి ముందుకు కదిలేకొద్దీ నీళ్లు ఏటవాలు మీదకి ఎక్కుతుంటే అంచు రాయిని తాకుతున్నట్టు. ఎక్కకుండా వాదర కిందకి జారిపోయిన చోట అంచు గాలిలో ఉంది. ఇది ఎక్కువగా మడమ దగ్గర కనబడుతుంది. అక్కడ స్ట్రోకులు పెంచితే సరిపోదు, కత్తిని రాయి మీద కాస్త ఐమూలగా పట్టి తోయాలి.

తడి పద్ధతిలో తరచూ చెడేది పలచన దశ. విడి గింజలు ఎదురొచ్చి అంచుకే తగులుతాయి. అందుకే చిక్కటి స్లర్రీ మీద ఎంత నూరినా పదును ఒక హద్దు దాటదు, పైగా కొంచెం మొద్దుబారుతుంది కూడా. మన వేసవిలో ఫ్యాను కింద కూర్చుంటే స్లర్రీ నిమిషాల్లో చిక్కబడి, పలచన చేసిన కష్టం వృథా అవుతుంది. ఫ్యాను ఆపేయండి, చెమట పట్టినా సరే.

ఇక పొడి. ఉత్త నీళ్ల దశ అయ్యాక రాయి తుడిచి ఆరనిచ్చి నూరితే చేతికి తెలిసేది ఎక్కువ, చప్పుడూ స్పష్టం. కానీ కొద్ది స్ట్రోకులకే పసుపు రాయి మీద బూడిదరంగు చారలు పడతాయి. అది ఇనుపరజను. కొట్టుకుపోవడానికి నీళ్లు లేవు కాబట్టి రాయికే పట్టేస్తుంది. ఆపైన కత్తి గాజు మీదలా జారుతుంది, అరగదు. ఎనిమిది, పది దాటకుండా ఆపి గుడ్డతో తుడవాల్సిందే. ఇంతా చేస్తే అంచు బుగ్గ మీద చురుగ్గా ఉంటుంది, గడ్డం కింద కొరుకుతుంది. కోటికూల్‌కి పేరు తెచ్చిన మెత్తదనం పోతుంది. నాకైతే ఆ బేరం గిట్టదు.

అమెరికాలో దొరికే అర్కాన్సా ట్రాన్స్‌లూసెంట్ సానరాయిది వేరే సంగతి. అది దాదాపు పూర్తిగా క్వార్ట్జ్, గింజలు ఊడవు, దానంతటది స్లర్రీ రాదు. పొడిగా నూరినా అంచుకి ఎదురుదెబ్బ తగలదు, రజను మాత్రం తొందరగా పూడుకుంటుంది. దాని మీద నూనె కన్నా, నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసుకుంటే కడుక్కోవడం సులువు.

కత్తి వీపుకి ఇన్సులేషన్ టేప్ వేస్తే 1000 నుంచి చివరి దాకా అదే ఒక్క పొర ఉంచండి, మధ్యలో తీస్తే కోణం మారుతుంది. కోటికూల్‌ని నానబెట్టే పనిలేదు, అది నీళ్లు పీల్చదు.