విండోస్ 11 నుంచి విండోస్ 10కి తిరిగి వెళ్లడం: ఫైళ్లు పోకుండా ఉండాలంటే ఏ దారి మేలు?

విండోస్ 11కి మారిన తరువాత పాత ప్రింటరు పనిచేయడం మానేసిందనో, దుకాణం లెక్కల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదనో, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసుకుంటున్న డీటీపీ పని కుంటుపడిందనో విండోస్ 10కి తిరిగి వెళ్లాలనుకునేవారు ఉన్నారు. అలా వెళ్లడానికి ఒకటికి మించి దారులున్నాయి గానీ, మీ ఫైళ్లకు వాటిలో ఉండే భద్రత ఒకే తీరుగా ఉండదు. మధ్యలో ఏదైనా తేడా వస్తే మొదలుపెట్టిన చోటికే క్షేమంగా రాగలమా అన్న ప్రశ్నతో వాటిని తూచి చూడాలని నా అభిప్రాయం. ఎంత త్వరగా పూర్తవుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నవి ఆ తరువాతి లెక్కలు.

అన్నిటికన్నా సులువైనది విండోస్‌లోనే ఉన్న 'గో బ్యాక్' సదుపాయం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ తెరిస్తే అది కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ అయినప్పుడు పాత సిస్టమ్ మొత్తం సి డ్రైవ్‌లో 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డరులో భద్రమై ఉంటుంది కాబట్టి, గో బ్యాక్ నొక్కితే అదే తిరిగి తన చోటికి వస్తుంది. సొంత ఫైళ్లు ఉంటాయి, మునుపటి ప్రోగ్రాములూ ఉంటాయి; అప్‌గ్రేడ్ తరువాత వేసుకున్న ప్రోగ్రాములు, డ్రైవర్లు, మార్చుకున్న సెట్టింగులు మాత్రం పోతాయి. అయితే దీనికి గడువు 10 రోజులే. ఆ గడువు దాటకముందే అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిస్మ్ (DISM) అనే పనిముట్టుతో దాన్ని 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. దాటిన తరువాత ఆ ఆదేశం వల్ల ఉపయోగం లేదు. డిస్క్‌లో చోటు చాలడం లేదని డిస్క్ క్లీనప్ నడిపి 'పాత విండోస్ ఇన్‌స్టలేషన్ల'ను తుడిచేసినవారికి గడువు ఉన్నా ఈ దారి మూసుకుపోయినట్టే. కొన్నప్పుడే విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు వెనక్కి వెళ్లడానికి పాత సిస్టమ్ అంటూ ఏదీ ఉండదు కనుక, ఈ సదుపాయం దానికి వర్తించదు.

గడువు దాటినవారికి ఉన్నవి ఉన్నట్టుగా కింది వెర్షన్‌కు దిగే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ ఇవ్వలేదు. ఇక మిగిలింది విండోస్ 10ని కొత్తగా వేసుకోవడమే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ అనే ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను సిద్ధం చేసుకుంటే చాలు. అయితే ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీదే వాడాలి. అసలు తేడా విండోస్‌ను ఏ డిస్క్ మీద వేస్తున్నామన్న దగ్గరే వస్తుంది.

ఉన్న సి డ్రైవ్ మీదనే, ఫార్మాట్ చేయకుండా వేస్తే పాత ఫైళ్లు విండోస్.ఓల్డ్‌లోకి చేరతాయి, వాటిని అందులోని యూజర్స్ ఫోల్డరు నుంచి తీసుకోవచ్చు. వినడానికి బాగానే ఉన్నా, నేను ఎవరికీ దీన్ని మొదటి మార్గంగా సూచించను. పార్టిషన్లు, అంటే డిస్క్‌లోని భాగాలు, చూపించే తెరమీద 'డిలీట్', 'ఫార్మాట్' పక్కపక్కనే ఉంటాయి. ఒక్క పొరపాటు నొక్కుతో అన్నీ పోవచ్చు. పైగా డేటా అంతా డి డ్రైవ్‌లో ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు గానీ, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. పెళ్లి ఫొటోలూ, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లూ ఎక్కువగా ఉండేది డెస్క్‌టాప్ మీదే.

మెషీన్‌లో డిస్క్ మార్చుకునే వీలుంటే, ఉన్న డిస్క్‌ను ఊడదీసి పక్కన పెట్టి, కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్ 10 వేసుకోవడం అన్నిటికన్నా మేలు. ఖర్చు కొంత పెరుగుతుంది, మెషీన్ విప్పడం రానివారు సర్వీసు షాపుకు వెళ్లవలసి వస్తుంది. కానీ పాత డిస్క్ జోలికి ఎక్కడా వెళ్లం. కొత్తది నచ్చకపోయినా, ఏదో డ్రైవరు దొరకకపోయినా దాన్ని తిరిగి బిగిస్తే మెషీన్ ముందున్నట్టే తెరుచుకుంటుంది. పాత డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో పెట్టి ఫైళ్లను తీరిగ్గా ఎక్కించుకోవచ్చు. ఇతర మార్గాల్లో వేటికీ ఇంత నిబ్బరం లేదు.

రెండు సిస్టమ్‌లనూ ఒకే డిస్క్ మీద ఉంచుకునే డ్యూయల్ బూట్, చోటు పుష్కలంగా ఉండి, ఒకే ఒక్క పాత సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 10 కావలసినవారికి సరిపోతుంది. అప్‌గ్రేడ్‌కు ముందే సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్‌తో సహా డిస్క్ మొత్తానికి నకలు, తీసి పెట్టుకున్నవారు దాన్ని తిరిగి ఎక్కించుకోవచ్చు గానీ, ఇమేజ్ తీసిన రోజు తరువాత చేసిన ఫైళ్లు అందులో ఉండవని గుర్తుంచుకుని వాటిని ముందే విడిగా కాపీ చేసుకోవాలి.

ఏ మార్గం ఎంచుకున్నా ముందుగా ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవలసిందే. గో బ్యాక్ ఫైళ్లను ఉంచుతుందన్న భరోసా ఒక్కటే చాలదు. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఫైలు పక్కన మేఘం గుర్తు ఉంటే అది మీ డిస్క్‌లో లేదని అర్థం. దాన్ని ముందుగా డిస్క్‌లోకి దించుకోవాలి. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని రాసిపెట్టుకోకుండా డిస్క్‌ను ముట్టుకోకూడదు, ఎందుకంటే అది లేకపోతే ఊడదీసిన డిస్క్‌లో ఫైళ్లన్నీ ఉండీ చదవడానికి వీలుండదు. అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లతో పనిచేసేవారు డాక్యుమెంట్లను మాత్రమే కాపీ చేసుకుంటే సరిపోదు. ఫాంట్లు విండోస్ ఫోల్డరులో ఉంటాయి, అవి లేనిదే తెలుగు అక్షరాలు చిందరవందర గుర్తులుగా కనిపిస్తాయి. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ ఫైళ్లూ, లైసెన్సు వివరాలూ చేతిలో ఉండాలి. వై-ఫై డ్రైవరు విండోస్ 10కి దొరుకుతుందో లేదో తయారీదారు సైట్‌లో చూసి, ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం కూడా అవసరమే.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 మీద అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు రక్షణ ఉంటుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందుచేత బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌ను శాశ్వతంగా వెనక్కి తిప్పడం కంటే, పాత సాఫ్ట్‌వేర్‌కు డ్యూయల్ బూట్‌లోనో వేరే డిస్క్ మీదనో విండోస్ 10ని ఉంచి, ఇంటర్నెట్ పనులను విండోస్ 11లోనే చేసుకోవడం మంచిదని నేననుకుంటాను. పాత డిస్క్‌ను ఫార్మాట్ చేసే ఆలోచన ఉంటే, కాపీ చేసిన ఫైళ్లలో రకానికి కొన్నిటిని నిజంగా తెరిచి చూసి, ఒక నెలైనా కొత్త ఏర్పాటుతో పనిచేసుకున్న తరువాతే ఆ పనికి పూనుకోవాలి.